పదకొండు శాతం

డాక్టరు చెప్పాడని ఎలీసో కొనిచ్చింది,
సెకండ్ హ్యాండ్‌దే, అద్దం మీద వెంట్రుకంత గీత.
"నాన్నా, ఇది నీ గుండెని కనిపెట్టుకుని ఉంటుంది" అంది.
ఉండనీ.
నలభై ఏళ్లుగా నేనైతే దాని వైపు చూసింది లేదు.

కుటాయిసిలో తెల్లవారుజాము నాలుగింటికి
రియోని నది మీంచి వచ్చే చలి చెవులు కొరుకుతుంది.
మట్టిపొయ్యిలోకి నడుము దాకా వంగి
పిండిని గోడకేసి చరుస్తాను.
గడియారం అంటుంది: లేచి కాసేపు నిలబడండి.
పొద్దున్నించీ నిలబడే ఉన్నాను రా నాయనా.
మూడడుగుల కొట్టులో
అది లెక్కేసిన అడుగులు తొమ్మిది వేలు.
ఎక్కడికీ పోలేదు,
అయినా అభినందనలు చెప్పింది.

పనికిరాదని అననులే.
రెండో వాయి మాడకుండా గిల్లినట్టు లేపుతుంది.
కరెంటు పోయిన రోజు
దాని వెలుగులోనే చిల్లర లెక్కపెట్టాం.
బ్యాటరీ మటుకు, కొత్తల్లో రెండు రోజులొచ్చేది,
ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి కొడిగడుతుంది.
చార్జింగు బొడిపెల్లో పిండి పేరుకుంటుంది.
పుల్లతో గీకుతాను,
ముసలాడికి పళ్లు తోమినట్టు.

ఫిబ్రవరిలో ఒకరోజు పొయ్యి సెగకి
వేడెక్కిపోయానని గోల పెట్టింది.
విప్పి మేకుకి తగిలించాను, ఉప్పు డబ్బా పైన.
మేకుకి నాడి ఉండదు కదా.
మూడు వీధుల అవతల లమారా ఫోన్‌లో
(ఎలీసో ఏదో కలిపి పెట్టింది)
ఎర్రగా ఆడే చుక్క ఆగిపోయింది.

తడి జుట్టుతో, ఒక కాలికే చెప్పుతో వచ్చింది.
గుమ్మంలో నిలబడి
పొయ్యి అంచు మీంచి వేలాడే నా కాళ్లు చూసింది.
రోజూ చూసే కాళ్లే.
ఏమనుకుందో నేనడగలేదు.
పైకి లేచి, "రొట్టె కావాలా?" అన్నాను.
తుండుగుడ్డతో నా వీపు మీద ఎన్ని వేసిందో
గడియారానికి తెలియదు, మేకు మీద ఉంది కనక.
ఆ వాయి మొత్తం బొగ్గయింది.
వరుసలో ఉన్న జెమాల్
రెండు బొగ్గు రొట్టెలు డబ్బులిచ్చి మరీ పట్టుకెళ్లాడు.

అప్పట్నుంచి చీలమండకి కట్టుకుంటున్నాను, మేజోడు లోపల.
అక్కడికి గుండె సరిగా వినపడదట దానికి.
ఉందంటుంది, అంతే.

రాత్రికి పదకొండు శాతంతో ఇల్లు చేరతాం, ఇద్దరం.
అది కిటికీ గట్టు మీద
వైరు నోట్లో పెట్టుకుని పడుకుంటుంది,
అందుకే నా నిద్ర సంగతి దానికి ఎప్పటికీ తెలియదు.
ఆ వేళకి లమారా చల్లటి చెయ్యి
దుప్పటి కిందుగా వచ్చి నా ఛాతీ మీద ఆగుతుంది.
గోడ గడియారం టిక్కుల వెంట
పెదాలు కదుపుతూ లెక్కపెడుతుంది.
నేను మేలుకునే ఉంటాను.
"అరవై నాలుగు" అంటుంది చీకట్లో, ఎవరితోనో.
ఇంకాస్త గట్టిగా గురక పెడతాను.