రవ్వ మీద మైదా

బశారత్ ఫోన్ చేశాడు పొద్దున్నే.
గుల్‌మర్గ్‌లో రెండడుగులు పడిందట,
రాత్రంతా గాలి కూడా కొట్టిందట.
అంతే చెప్పి, శాలువాల కొట్టు తెరవాలంటూ పెట్టేశాడు.

ఇక్కడ కగ్గదాసపురలో
రైల్వే గేటు దగ్గర ఆటోలు తిట్టుకుంటున్నాయి.
పదిహేను డిగ్రీలకే మంకీ టోపీ బిగించిన వాచ్‌మన్
నీళ్ల ట్యాంకర్‌ని వెనక్కి, ఇంకా వెనక్కి రమ్మంటున్నాడు.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు,
సుహృత్, బిల్వ, షాహిదా.
తెల్లారి నాలుగింటికి ఎయిర్‌పోర్టు బస్సు.
అద్దె బూట్లు హాలు నిండా.
"తాళ్లు కట్టిన హద్దు దాటి వెళ్తామక్కా,
అక్కడంతా కొత్త మంచు, ఎవరూ తొక్కనిది!"
ఆ మాటన్నప్పటి సుహృత్ కళ్లు
నాకు తెలిసిన కళ్లే.

పెద్ద స్టీలు పళ్లెం తెచ్చాను.
తడిగుడ్డ పరిచి, బియ్యప్పిండి అదిమాను:
ఇది డిసెంబరులో పడ్డ పాత మంచు.
దాని మీద పల్చగా బొంబాయి రవ్వ:
మబ్బులేని రాత్రుళ్ల చలికి గింజకట్టిన పొర,
ఒక గింజకి ఇంకో గింజ అక్కర్లేదు.
ఆ పైన జల్లెడతో మైదా,
రెండు వేళ్ల మందం. నిన్న రాత్రి పడింది.
"భలే ఉందక్కా" అంది బిల్వ. నిజమే, భలే ఉంది.

పళ్లెం ఒక అంచు ఎత్తాను, నిదానంగా.
బిల్వ ఫోన్‌లో కోణం చదువుతోంది.
ఇరవై. ఏమీ కాలేదు.
ఇరవై ఎనిమిది. ఏమీ కాలేదు.
ముప్పై నాలుగు దగ్గర ఆపి
కింది అంచున చిటికెనవేలితో తాకమన్నాను షాహిదాని.
కింద తాకితే
పైన, జానెడు దూరంలో, గీత పడింది
చాకుతో కోసినట్టు.
మొత్తం ఒకే పలకగా కదిలి, పగిలి,
ఆమె ఒళ్లో.

నవ్వారు. షాహిదా దుపట్టా దులుపుకుంది.

తర్వాత గుంట తవ్వడం చెప్పాను.
నిలువుగా కోసిన మంచు దిమ్మె మీద పార బోర్లించి
మణికట్టు విదిల్చి పది దెబ్బలు,
మోచేతి నుంచి పది, భుజం నుంచి పది.
ఎన్నో దెబ్బకి జారిందో అదే లెక్క.
సుహృత్ రాసుకున్నాడు.
అన్నీ రాసుకునే పిల్లాడు.

మేమూ రాసుకున్నాం ఆ రోజు.
పదమూడో దెబ్బకి జారింది, గాజుపలకలా.
నోట్‌బుక్‌లో నా చేతిరాతే: పదమూడు.
కింద గీత కూడా గీశాను.
కానీ ఎదుటి వాలు మీద అప్పటికే రెండు జాడలున్నాయి,
ఎవరో పొద్దున్నే దిగిపోయారు, జడ అల్లినట్టు.
వాళ్లకేం కాలేదు కదా అని
అన్నది నేను. బశారత్ కాదు.

ఖాళీ గాదె మీద ఎవరో దూకినట్టు ఒక శబ్దం.
పదకొండు నిమిషాలు తవ్వాం.
ఎంత మంచి ఎండ కాసిందో ఆ పదకొండు నిమిషాలూ.
ముందు చేతి తొడుగు కనబడింది.
నేను లాగితే
అది కొంచెం, చాలా కొంచెం, తిరిగి లాగింది.

ఇది పిల్లలకి చెప్పలేదు.
చెబితే కథవుతుంది,
కథయితే ఇంకెవరికో జరిగిందవుతుంది.
ఎద్దు దాటింది కదా అని ఏరు నీకు బాకీ పడదు,
హిందూపురంలో మా అవ్వ మాట,
అది మాత్రం చెప్పాను.
సరే సరే అన్నారు, జిప్పులు లాక్కుంటూ.

వాళ్లు వెళ్లాక చూస్తే
రవ్వా మైదా బియ్యప్పిండీ కలిసిపోయి ఉన్నాయి.
విడదీయడం ఎవరి తరం?
మజ్జిగ పోసి, జీలకర్ర, పచ్చిమిరప వేసి
ఫ్రిజ్‌లో పెట్టాను.

రెండో రోజు, పదకొండు కావస్తుండగా
పెనం మీద చిలకరిస్తే
చిల్లులు చిల్లులుగా పరుచుకుంది దోసె.
ఫోన్ వణికింది. బిల్వ పంపిన ఫొటో:
గుంట గోడ, పార అంచు,
తొడుక్కున్న వేలు చూపిస్తున్న చోట సన్నటి బూడిద గీత.
"పన్నెండు. వెనక్కి వచ్చేస్తున్నాం.
సుహృత్ ఎవరితోనూ మాట్లాడటం లేదు."

అలిగాడన్నమాట.
అలగనీ.

దోసె మాడింది. గీకి పడేసి
ఇంకోటి పోశాను.