పదిహేడో గడి

బంగారుపాళ్యం హైస్కూల్లో మెట్ల కింది గది,
ఒకప్పుడు సుద్దముక్కల పెట్టెలు, చిరిగిన మ్యాపులు పడేసిన చోటు.
అక్కడ నాకొక కుర్చీ వేసినారు.
ఎదురుగా తెర. తెరలో ముప్పైనాలుగు గడులు.
గడికొక బిడ్డ.

బడి ఇచ్చిన ల్యాప్‌టాపులు అవి.
మూత మీద నంబరు, అడుగున బడి ముద్ర.
పిల్లోళ్ళు ఇంటికి ఎత్తుకపోయినా
గడులు నా దగ్గరే ఉంటాయి.
సంతకం పెట్టిన కాగితాల్లో ఈ మాట ఉంది, ఎనిమిదో పేజీలో.
అంతదాకా చదివిన అమ్మానాయనా ఎవరూ నాకు కనబడలేదు.
నేనూ చదవలేదు, నా జీతం రాసిన పేజీ తప్ప.

మూడో గడి వాడు క్రికెట్ స్కోరు చూస్తాడు,
పైన సైన్సు పాఠం పరిచి, దుప్పటి కప్పినట్టు.
పదకొండో వాడు ఒక పేరు రాసి, చెరిపి, రాసి,
చివరకు "హోంవర్క్ ఏంటి" అని మాత్రం పంపుతాడు.
నవ్వొస్తుంది నాకు.
నవ్వితే తప్పని ఎక్కడా రాయలేదు.
ఇరవైతొమ్మిది రాత్రి రెండింటికి కూడా వెలుగుతా ఉంటుంది.
ఎందుకమ్మా నిద్రపట్టదు అని అడగడానికి
నా దగ్గర మీట లేదు.
ఎర్ర మీట ఒకటే ఉంది. పైకి పంపేది.

పదిహేడు, యువరాణి.
కెమెరా మీద బొట్టుబిళ్ళ అంటించింది,
వాళ్ళమ్మదై ఉంటుంది, జిగురు సగం పోయింది.
తీయమని నోటీసు పంపాలి.
పంపలేదు.

జూన్ ఆఖరు. ఊరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్లు బారు తీరి,
కాయల మీదే డ్రైవర్లు నిద్రపోతా ఉన్నారు.
ఆ సాయంత్రం పదిహేడో గడి ఎర్రబడింది.
మిషను రెండు మాటలు పట్టుకునింది.
అమ్మ. విషం.

చేతులు వణికినాయి, అబద్ధం చెప్పను.
పోయినేడు పక్క మండలంలో ఒక పిల్లోడు...
ఆ సంగతి వద్దులే.
మీట నొక్కినా.

చెంగల్రాయులు సారు ఫోను చేసినాడు.
ఫ్యాక్టరీ మైకులో కుప్పమ్మ పేరు పిలిచినారు.
షిఫ్టు మధ్యలో వచ్చేసింది,
నెత్తిన ప్లాస్టిక్ టోపీ అట్లే ఉంది.
"నా బిడ్డ ఏం చేసింది సారూ" అని చేతులు జోడించింది.

అప్పుడు చూసినాము ఆ చేతులు.
వేళ్ళ సందుల్లో నల్లగా కాలిన మచ్చలు,
అరచేతిలో పొర లేచి, కింద ఎర్రగా.

సారు ప్రింటు తీసిన కాగితం పైకి చదివినాడు,
చదివేకొద్దీ గొంతు తగ్గించుకుంటా.
"మామిడి సొన విషమా.
అమ్మ చేతులు ఎట్లా మానతాయి.
కొబ్బరినూనె పూస్తే మంట తగ్గుతుందా."

ఫ్యాను తిరుగుతా ఉంది.
కుప్పమ్మకు చదువు రాదు గానీ, వినింది.
కూతురి వైపు చూడలేదు.
చేతులు కొంగులో దాచుకునింది,
దొంగసొత్తు మాదిరి.
ఆ రోజు కూలి సగం కోసినారని తర్వాత తెలిసింది.
నా రిపోర్టులో చిన్న గడి ఒకటుంది,
"సమస్య పరిష్కరించబడింది" అని.
టిక్కు పెట్టినా.

వారం రోజులు పదిహేడో గడి ఖాళీ.
లెక్కలు తెరుస్తుంది, మూస్తుంది. ఏమీ వెతకదు.
అడగాలనుకున్నవన్నీ ఎక్కడ దాస్తా ఉందో
నా తెరకు అందలేదు.

మొన్న రాత్రి తొమ్మిదిన్నర. బయట వాన.
ఇంకా గదిలోనే ఉన్నా, డబ్బా మూత తీయనే లేదు.
పదిహేడులో ఒక తెల్ల కాగితం తెరుచుకునింది.
అక్షరాలు ఒక్కొక్కటే, ఒంటి వేలితో:
"చూసే సారూ, అన్నం తిన్నారా"

కర్సరు మిణుక్కుమంటా నిలబడింది
వాకిట్లో మనిషి మాదిరి.
నాకు చూసే వీలుంది. జవాబిచ్చే వీలు లేదు.
అట్లా కట్టినారు దీన్ని.

తెరకే తల అడ్డంగా ఊపినా.
కాసేపు చూసింది ఆ పిల్ల,
ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపేసి
దాచుకోకుండా మూసేసింది.

మిషను కిమ్మనలేదు.
అన్నం అనే మాట దాని జాబితాలో లేదు.

డబ్బా మూత తీసినా.
రాగిసంగటి గట్టిపడిపోయింది.