నా గొంతుతో వద్దు

జీలాంగ్‌లో జూన్ నెల చలి.
బడి కిటికీ అవతల రిఫైనరీ గొట్టం కొసన
మంట ఒకటి గాలికి వంగి లేస్తోంది.
లోపల నేల మీద పరిచిన గోధుమరంగు కాగితంపై
మా హవీష్ వెల్లకిలా పడుకున్నాడు.
బ్రాన్విన్ టీచర్ వాడి చుట్టూ పెన్సిల్‌తో గీస్తోంది,
ప్రతి మలుపు దగ్గరా ఆగి,
"ఇక్కడ గీయనా?" అని అడిగి.

ఆ అడగడమే పాఠమని నాకు తర్వాత గాని తెలియలేదు.

పక్క కాగితం మీద టల్లీ.
వాడు ఎవర్నయినా కావలించుకుంటాడు,
బస్సు డ్రైవర్ని, కొళాయి బాగుచెయ్యడానికొచ్చిన మనిషిని.
వాడికి చేయి చాచినంత దూరం నేర్పుతున్నారు
నేల మీద ఒక ప్లాస్టిక్ చక్రం పెట్టి.
ఓర్లాకి చొక్కా లోపలి లేబులు తగిలినా నొప్పే.
డాక్టరు ఎక్కడ చెయ్యి పెడతాడో
ఆ పిల్లకి ముందే బొమ్మ మీద చూపించాలి,
ఒకటికి పదిసార్లు.

గీసిన పిల్లాడికి పేర్లు రాస్తున్నాం.
మోచేయి. మోకాలు. బొడ్డు.
చెడ్డీ కప్పే చోటికి వచ్చాం.
టీచర్ ఉన్న పేరు ఉన్నట్టే అంది,
మోచేయి అన్న గొంతుతోనే.
"మీ ఇంట్లో ఏమంటారు?"

ఏమంటాం.
మా ఇంట్లో దాని పేరు షేమ్ షేమ్.
మా అమ్మ నాకు నేర్పిన పేరు ఛీ.
చినుకు, తుప్పర, జల్లు, ముసురు,
వానకే ఇన్ని పేర్లు పెట్టుకున్న భాషలో
నా కొడుకు ఒంటికి ఒక్క మాట దొరకక
పెన్ను పట్టుకుని నిలబడ్డాను.
దొరికినవి కొన్ని తిట్లు,
కొన్ని వైద్యుల పుస్తకంలోవి.
పేరే లేని చోట ఏదైనా జరిగితే
ఏమని చెప్తాడు వీడు,
అసలే మాటలు రానివాడు?

టీచర్ చెప్పిన మాటే రాశాను. చెయ్యి కొంచెం వణికింది.

హవీష్‌కి ఒక పలక ఉంది.
బొమ్మ నొక్కితే మాట్లాడుతుంది.
అందులో "నో" ఎవరో ఆస్ట్రేలియా ఆవిడ గొంతు.
ఇంటి మాట పెడదామంది బ్రాన్విన్.
కాదు, లేదు, వద్దు, మూడూ చెప్పాను.
"మాకు ఒక్కటే గొడుగు" అని నవ్వింది.
వద్దు చాలన్నాను.

స్టోర్‌రూమ్‌లో, రంగు డబ్బాల మధ్య, రికార్డు చేశాం.
మొదటిసారి మెత్తగా వచ్చింది,
విస్తరి ముందు ఇంకో గరిటెకి చెయ్యి అడ్డం పెట్టినట్టు.
ఆ వద్దుని ఎవరు నమ్ముతారు?
నెయ్యి పడుతూనే ఉంటుంది.
"రోడ్డు మీద కారొస్తోందనుకో" అంది బ్రాన్విన్.
రెండోసారి అరిచాను.
రంగు డబ్బా ఒకటి ఖంగుమంది.

గురువారం రాత్రి స్నానం.
పలక ప్లాస్టిక్ సంచిలో, తొట్టి అంచున.
నా చేతిలో పీచు, సబ్బు నురగ.
"వద్దు."
నా గొంతే. నాకే.
ఇంకా వీపు మిగిలుంది కదా అని
నా చెయ్యి ఆగలేదు.
"వద్దు."
అప్పుడాగింది.
ఆ రెండు వద్దుల మధ్య నేనేం చేశానో
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పీచు వాడి చేతికిచ్చి
గోడ వైపు తిరిగి కూర్చున్నాను.
ఒక్క కాలే రుద్దుకున్నాడు,
అదే కాలు, నీళ్ళు చల్లారేదాకా.

పొద్దున చూస్తే చెవి వెనక
ఎండిన సబ్బు, తెల్లటి చార.
తుడవబోయి, చెయ్యి గాల్లోనే ఆపి,
అడిగాను.
వాడు సంచిలో పలక కోసం వెతుకుతున్నాడు.
బయట స్కూలు బస్సు హారన్ కొడుతోంది.
కొట్టనీ.