వాడని నీళ్లు

మా ల్యాబ్ తలుపు తీస్తే
ముందు వచ్చేది ఆమ్లం వాసన కాదు, మిరప ఘాటు.
చుట్టుగుంట మీదుగా వచ్చే టిక్కీల లారీలు
మా కిటికీ కిందే గేరు మారుస్తాయి.
నలభైముగ్గురూ ఒక్కసారే తుమ్ముతారు.
"మొదటి పాఠం అయిపోయింది," అంటాను,
"కనపడనిది కూడా కరుస్తుందని తెలిసిందిగా."

కళ్లద్దాలు మూడే ఇచ్చారు.
ఒకదానికి ఎలాస్టిక్ తెగితే
నాగుల్‌మీరా టిక్కీ పురికొస తెచ్చి కట్టాడు.
పెట్టుకున్నవాళ్లే గొట్టం పట్టాలి,
మిగతావాళ్లు గీత వెనక.
జడలు ముడెయ్యండి, చున్నీ కొసలు దోపుకోండి.
వాసన చూడాలంటే మూతి మీద ముక్కు పెట్టొద్దు,
చేత్తో ఇలా, గుమ్మంలో చుట్టాన్ని పిలిచినట్టు.
అది రావాలి, మీరు పోకూడదు.

పరీక్షనాళిక మూతి ఎవరి వైపూ చూడకూడదు
అనేటప్పుడు మాత్రం
నా గొంతు అరక్షణం ఆగుతుంది.
పిల్లలకు తెలియదు.
తలుపు దగ్గర స్టూలు మీద మస్తాన్‌వలి తల దించుకుంటాడు.

పదకొండేళ్ల కిందట ఆ మాట చెప్పలేదు నేను.
తెల్లారితే ఇన్‌స్పెక్షన్. రికార్డులు దిద్దుకుంటూ
తలెత్తకుండా "కానివ్వండి, కానివ్వండి" అన్నాను.
సాల్మన్ కనుబొమ్మ పక్కన
చింతగింజంత మచ్చ.
ఇప్పుడతను యార్డులో కాటా దగ్గర పద్దు రాస్తాడు.
నన్ను చూస్తే బండి ఆపి "నమస్తే టీచర్" అంటాడు,
నేను ఆ మచ్చకి నమస్కారం పెడతాను.
కంటికీ దానికీ మధ్య ఎడం
చూపుతో ఎన్నిసార్లు కొలిచానో.
ఒక చూపుడువేలు.

ఈ ఏడు తొమ్మిదో తరగతిలో దీవెన అనే పిల్ల,
ఆమ్లం ఒంటి మీద పడితే ఏం చెయ్యాలంటే
అందరికన్నా ముందు చెయ్యెత్తింది.
"కొబ్బరినూనె రాయాలి టీచర్.
మా అమ్మ తొడిమలు తీసొచ్చి
తమ్ముణ్ని ఎత్తుకునే ముందు నూనె రాసుకుంటది,
ఆనక సబ్బు. ఉత్త నీళ్లకి ఆ మంట చావదు."

క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
మిరప మంట నీళ్లకు లొంగదు, నూనెలో కరుగుతుంది.
బడి మొహం చూడని ఒకామె
పసివాడి బుగ్గ కోసం కనిపెట్టుకున్న రసాయనశాస్త్రం అది.
బోర్డు మీద రాశాను: దీవెన వాళ్లమ్మ పద్ధతి.
గీత గీసి కింద ఇంకోటి రాశాను:
ఆమ్లానికి నూనె కాదు. నీళ్లు.
ధారగా, పావుగంట,
ఏడుపొచ్చినా, బెల్లు కొట్టినా, హెడ్మాస్టరు గారు పిలిచినా.
"అయితే ఏ మంటో ముందు తెలియాలా టీచర్?"
అవునమ్మా. సీసా మీద చీటీ అందుకే.
చీటీ చెరిగిపోయిన సీసా జోలికి పోవద్దు.

"మరి మన పంపులో నీళ్లు రావుగా?" అన్నాడు నాగుల్‌మీరా.
నిజమే. మున్సిపాలిటీ పంపు ఏడింటికే దగ్గి ఊరుకుంటుంది.
అందుకే మస్తాన్‌వలి
తెల్లారే వచ్చి రెండు బకెట్లు నింపి
మూతేసి, పైన మగ్గు బోర్లిస్తాడు.
పదకొండేళ్లుగా.
నేను చెప్పలేదు.
ఆ రోజు బిందె కోసం పరుగెత్తింది ఆయనే.

నీళ్లు ముందు, ఆమ్లం తర్వాత.
ఇది నేనే పోస్తాను, వాళ్లు చూస్తారు.
చుక్క చుక్కగా, గాజుకడ్డీ వెంట.
దీవెన అరచెయ్యి బీకరుకు జానెడు దూరంలో పెట్టి
"జొరమొచ్చింది టీచర్ దీనికి" అంది.
ఒక్కసారి తిరగేసి పోస్తే ఏమయ్యేదో
ఆ వెచ్చదనం వాళ్లకు చెప్పింది,
నేను ఇంక మాట్లాడలేదు.

నాలుగుంబావుకి
గొట్టాలు బోర్లించి, కళ్లద్దాలు మూడూ లెక్కపెట్టి
బకెట్ల మూతలు తీస్తాం.
పొద్దున ఎన్ని నీళ్లో అన్నే.
ఒకటి ఆయన, ఒకటి నేను
మోసుకెళ్లి గోడవార కానుగ మొదట్లో పోస్తాం.
ఆ ఏడే నాటిన మొక్క,
ఇప్పుడు కిటికీ దాటింది.
ఏమీ జరగని రోజులు తాగి అంత ఎత్తయింది.

మస్తాన్‌వలి ఖాళీ బకెట్టు తట్టి
"రేపు బీ సెక్షనేగా," అంటాడు.
"కోతులు. మూడు నింపుతా."