తాత్కాలికం

పొద్దున్న తొమ్మిదింటికి నా నోట్లోంచి వచ్చే మొదటి మాట
"వినిపిస్తోందా?"
దేవుణ్ణి కూడా ఇన్నిసార్లు అడగలేదు.
పూణేలో ఒకడు ఆలస్యంగా తలూపుతాడు,
నీళ్ల కింద ఊపినట్టు.

ఆమదాలవలస స్టేషను రోడ్డులో మేడ మీద గది.
కింద తవిటయ్య మోటారు వైండింగు షాపు.
వార్నిష్ కాగే వాసన మెట్లెక్కి వచ్చి
మీటింగుల్లో నా పక్కనే కూర్చుంటుంది.

సామాను తక్కువే.
నల్లటి తెర, అందులో రెప్ప కొట్టే గీత.
అక్షరాలు అరిగిన కీబోర్డు;
క్యూ, జడ్ మాత్రం ఇంకా షోరూములోనే ఉన్నాయి.
కరెంటు పోగానే కూతపెట్టే యూపీఎస్సు, ఆయుష్షు పదకొండు నిమిషాలు.
సిగ్నల్ దొరికే కిటికీ ఊచకి
రబ్బరు బ్యాండుతో కట్టేసిన ఫోను.
ఇంకా, ఒక కిరాణా పద్దు పుస్తకం.
నిజంగా పూర్తయిన పనులు
అందులో పెన్సిలుతో కొట్టేసినవే.

ఏ ఎడిటరు గొప్పదని
ఇరవై రెండేళ్లప్పుడు ఒక స్నేహితుడితో మాటలు మానేశాను.
ఇప్పుడు వాడి ఎడిటరే వాడుతున్నాను.
వాడికింకా చెప్పలేదు.

మొన్న రాత్రి చిలకపాలెం వేబ్రిడ్జి నుంచి ఫోను.
"బాబూ, ఖాళీ లారీ
నిండు లారీ కంటే బరువు తూగుతోంది."
మూడింటి దాకా వెతికాను.
లెక్క సరిగ్గానే ఉంది, కాటా సరిగ్గానే ఉంది,
లారీ ఒక్కటే అబద్ధం చెబుతోంది.

తెల్లారి టీ గ్లాసుతో కిందికి దిగి
తవిటయ్యకి మొత్తం చెప్పాను, అర్థమవుతుందని కాదు,
చెప్పడానికి ఒక మనిషి కావాలి కనుక.
ఆయన రాగి తీగ చుట్టడం ఆపలేదు.
"ఆకరి పాలి సక్కగా ఎప్పుడు తిరిగింది?"
మంగళవారం, అన్నాను.
"ఆ తరవాత ఎవులు సెయ్యెట్నారు?"

పైకెళ్లి చరిత్ర తిరగేశాను.
బుధవారం, రాత్రి పదకొండు నలభై.
ఒకే ఒక్క వరుస. పక్కన రాసిన కారణం: చిన్న మార్పు.
ఆ పక్కన ఒక పేరు.
దాన్ని చాలాసేపు చూశాను.

ఆ వరుస ఉన్న ఫైలు పేరు 'తాత్కాలికం'.
అయిదేళ్ల కిందట, తుఫాను రాత్రి,
తెల్లారే దాకా నడిస్తే చాలని రాసింది.
దాని తరవాత 'ప్రధానం' పుట్టింది, పోయింది.
'సరికొత్త' పోయింది.
'ఆఖరి' పోయాక మరో మూడు 'ఆఖరి'లు వచ్చి పోయాయి.
ఇది మాత్రం రోజుకి నాలుగొందల లారీలు తూస్తోంది.

తవిటయ్య ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట.
పురిట్లోనే పక్కింటావిడకి ఇచ్చేసి
సేరు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట.
తవుడు ఖరీదు బిడ్డని చావు పట్టించుకోదని.
ఆయనకిప్పుడు డెబ్బై ఒకటి.
కళ్లజోడు లేకుండా తీగ గేజి చెబుతాడు.

శనివారం విజయనగరంలో, ఇంజనీరింగు కాలేజీలో
'నా పనిముట్లు' అని మాట్లాడమన్నారు.
ముప్పై ఆరు స్లైడ్లు. కేబులు పిన్ను కుదరలేదు.
ప్రొజెక్టరు నీలంగా చూస్తూ ఉండిపోయింది.
ఇక చేసేది లేక తవిటయ్య గురించి చెప్పాను.
వెనక బెంచీల్లో కొందరు నవ్వారు.
ఒక కుర్రాడు జీతం ఎంతని అడిగాడు.
మూడో వరసలో, సంచి ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి లేచి
"ఇప్పుడు బతికిపోయింది కదండీ,
మంచి పేరు పెట్టొచ్చు కదా?"

నాకు జవాబు తోచలేదు.
అందరికీ మజ్జిగ ప్యాకెట్లు వచ్చాయి.

తిరుగు రైల్లో, పొందూరు దాటాక,
ల్యాప్‌టాప్ తెరిచి పేరు మార్చి చూశాను.
నలభై మూడు చోట్ల ఎర్ర గీతలు.
దూసి రాకముందే పాత పేరు వెనక్కి పెట్టేశాను.

రాత్రి ఎనిమిదయింది. షాపు షట్టరు సగం దించి ఉంది.
దాని కింద నుంచి గొంతు:
"ఏటి బావూ, బరువు సరిపోనాదా?"
సరిపోయింది.
"ఎవులట, మరి సెయ్యెట్నోళ్లు?"

మెట్ల మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు.
"నానే," అన్నాను.