బోటు మీద పేరు

పెదజాలారిపేట, రెండో వీధి.
ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడకి ఆనుకుని
వల చిరుగులు కుడుతోంది గరికిన పరదేశమ్మ.
నా ఒళ్లో ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్.
అందులో ఒక గడి: వృత్తి.

మీ ఆయన?
"ఏట."
మీరు?
చుట్ట పక్కన పెట్టి నవ్వింది.
"నానేటి సేస్తాను తల్లీ, ఇంట్లో ఉంటాను."

ఇంట్లో ఉండే ఈ మనిషి
తెల్లవారుజామున మూడింటికి హార్బరులో ఉంటుంది.
యారాడ కొండ మీద లైట్‌హౌస్ ఇంకా తిరుగుతుండగానే
మొప్ప ఎత్తి చూసి
నిన్నటిదో ఇవాళ్టిదో తేల్చేస్తుంది.
వేలం పాడేవాడు నోరు తెరిచేలోపు
కోనాం తట్ట ఎంతకి తెగుతుందో ఆమెకి తెలుసు.
ఐసుకెంత, ఆటోకెంత, వడ్డీకెంత
అన్నీ వేళ్ల కణుపుల మీదే.
మొగుడికి చుట్టలకి డబ్బులిచ్చేదీ ఆమే.

అడగకుండానే చెప్పుకొచ్చింది.
జపాను బాంబులు పడ్డ ఏడు
ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పోతే
వాళ్ల అమ్మమ్మ మాత్రం
బారకాసుల్లో సిపాయిలకి కవళ్లు అమ్మిందట.
అమ్మని బస్సు ఎక్కనివ్వలేదు, నీసు కంపని.
తట్ట నెత్తిన పెట్టుకుని వాల్తేరు మెట్ట దాకా నడక,
బంగళాల వెనక గేటు దగ్గర బేరం.
"మా సేప ముందు గుమ్మంలోంచి ఎల్లినా
మాం ఎల్నేదు కదమ్మా."

బోటు ఉందా అని అడిగాను.
ఉందట. ముక్కు మీద నీలం రంగుతో
'పరదేశమ్మ' అని రాయించారట,
కొన్న నాడు, గాజులమ్మి కట్టిన డబ్బుకి గుర్తుగా.
కాగితాల్లో ఆయన పేరు.
ఆడది ఎక్కితే గంగమ్మకి కోపం,
చేపలు మొహం చాటేస్తాయి.
"నా పేరు సంద్రంలోకి ఎల్తాది.
నాను ఎల్నేదు."

వేట ఆపే రెండు నెలలకీ
ప్రభుత్వం డబ్బులు వేస్తుంది, బోటు ఎక్కినవాళ్లకి.
ఎక్కనివ్వని వాళ్లకి
ఆ రెండు నెలలూ ఆకలి వేయదేమో.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి.
మహారాణిపేటలో మా అమ్మ
నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కింది.
నా బీఎడ్ ఫీజు ఆ చక్రంలోంచే వచ్చింది.
మోకాళ్లు అరిగాక డాక్టరు అడిగాడు:
"ఏం పని చేసేవారమ్మా?"
"ఏమీ లేదండీ" అంది.
పోయిన లెక్కల్లో ఆమె గడి నింపింది నేనే.
గృహిణి.
చేయి వణకలేదు. ఇంకా పదమూడు ఇళ్లున్నాయి ఆ రోజు,
ఎండగా ఉంది.

లోపల్నించి మనవరాలు దేవిశ్రీ కేక:
"ఇంట్లో ఉంటాదంట!
మరి నిన్న ఆ టేకు సేప
దాని కాళ్లతో అదే నడిసొచ్చిందేటి?"
వీధి వీధంతా నవ్వింది.
పరదేశమ్మ కూడా నవ్వి,
నోటితో దారం తెంపింది.

ట్యాబ్‌లో జాబితా కిందికి జరిపాను.
మత్స్యకారుడు అని ఉంది. నొక్కాను.
తెర ఎర్రబడింది:
లింగం సరిచూసుకోండి.
మళ్లీ నొక్కాను.
మళ్లీ అదే.
సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తే
"గృహిణి పెట్టేసి కదలండి మేడమ్" అన్నాడు.

నేను కదల్లేదు.
అలాగని చేసిందీ ఏమీ లేదు,
గడి ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను.
వల మీద ఈగలు వాలుతున్నాయి.
వీధి చివర సముద్రం
ఎవరి పేరూ అడక్కుండా ఒడ్డుకి వచ్చి పోతోంది.

ఆమెకే జాలేసింది నా మీద.
"ఏదో ఒకటి రాసుకో తల్లీ, పొద్దు పోతంది.
రేపు రాకు.
మూడింటికి నాను ఇంట్లో ఉండను."