నాలుగు డిగ్రీలు

జాంబేజీ పొంగిన నెల.
పడవ దిగితే మోకాటి లోతు బురద.
జిల్లా ఆరోగ్యాధికారినై రెండేళ్ళు దాటింది,
ఈ క్లినిక్కు గడప తొక్కడం ఇదే మొదలు.

సితాలి తాళం తీశాడు.
ఫ్రిజ్‌కి దారంతో కట్టిన చార్టు ముచ్చటగా ఉంది:
పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు,
ఒకే కలం, ఒకే ఒరవడి.
ఫిబ్రవరికి ముప్పయ్యో తారీఖు కూడా వేశాడు,
ఆ రోజూ నాలుగే.

తలుపు లాగాను.
లోపల థర్మామీటరు పదమూడు అంది.
టీకా సీసాలు వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి
ఏ పాపం ఎరగని బడిపిల్లల్లా.

"ఎన్నాళ్ళుగా ఇలా?"
నా గొంతులో అప్పటికే మెమో తయారవుతోంది.
సితాలి నేల చూపులు చూశాడు.
మూలన బిడ్డని తూస్తున్న నర్సు నలిషెబో
తక్కెడ మీంచి కన్ను తిప్పకుండా అంది:
"పోయినేడు అవతలి ఒడ్డు క్లినిక్కులో
ముయుండా పదకొండని రాశాడు మేడమ్.
మూడు నెలలు జీతం ఆపారు.
కాగితం కింద సంతకం మీదే."

గుర్తు రాలేదు.
ఎంత తవ్వినా గుర్తు రాలేదు.
ఒక ఇంటి మూడు నెలల పిండి
నాకు అర నిమిషం సిరా.

లుసాకాలో ఆరు వారాలు నాయకత్వం నేర్చుకున్నాను.
సర్టిఫికెట్టు అద్దం వెనక గోడ మీదుంది.
భయాన్ని ఎన్ని డిగ్రీల్లో ఉంచితే
ఎన్నాళ్ళు నిలవుంటుందో
అక్కడెవరూ చెప్పలేదు.

చార్టు అడుగున నా చేత్తో రాశాను:
పదమూడు. ఎప్పటి నుంచో తెలియదు.
కారణం అన్న గడిలో "బ్యాటరీ" అని రాసి,
కామా పెట్టి,
"నేను" అని రాశాను.

బయట రెల్లు చాపల మీద తల్లులు.
ఏ బిడ్డకి మందు ఎక్కిందో
ఏ బిడ్డకి వట్టి నీళ్ళెక్కాయో తెలియదని,
మళ్ళీ పొడవాలని,
తప్పు మాదని చెప్పాను.
చెబుతుంటే రెండుసార్లు నీళ్ళు తాగాను.
ఒకామె పిల్లాణ్ణి వీపు మీంచి ముందుకి తిప్పుకుంది,
నాకు అందకుండా.
ఇంకొకామె అడిగింది:
"వచ్చేసారి నువ్వొస్తావా, ఎవర్నైనా పంపుతావా?"

వెళ్ళాను.
చార్టులో కొట్టేసిన నాలుగు.
దాని పక్కన, వంకరగా, కలం వణికిన తొమ్మిది.
తొమ్మిదంటే మంచి కబురేం కాదు.
ఆ రాత్రే కొత్త బ్యాటరీ పడవెక్కింది.

ముయుండా జీతం ఫైలు మాత్రం
ఇంకా లుసాకాలోనే ఉంది,
ఎవరిదో
అర నిమిషం సిరా కోసం.